అతుకు పక్కన తెల్ల చుక్కలు

మా అక్కకు వేలిముద్రలు లేవు. నమ్మకపోతే పొద్దున్నే మా ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వచ్చి చూడండి. అందరూ హాజరు మిషన్ మీద వేలు పెట్టి చకచకా లోపలికి పోతుంటే, ఆవిడ పది వేళ్ళూ మార్చి మార్చి పెడుతూ నిలబడి ఉంటుంది. మిషన్ మాత్రం మళ్ళీ పెట్టమంటూనే ఉంటుంది. వెనక లైన్లో వాళ్ళు గొణుగుతారు. చివరికి సెక్యూరిటీ ఆయన విసుక్కుని రిజిస్టర్లో పేరు రాసి పంపిస్తాడు. పందొమ్మిదేళ్ళుగా ఉక్కు ముక్కల్ని ఎమెరీ కాగితం మీద వేళ్ళతో అదిమి రుద్దుతుంటే ఇంకా ముద్రలెక్కడుంటాయి? ఎప్పుడో అరిగి, నీళ్ళతోపాటు డ్రైనేజీలో కలిసిపోయాయి.

మాది గ్యాసు పైపులు చేసే ఫ్యాక్టరీ. మనిషి కాస్త వంగి నడిచిపోయేంత పైపులు. దళసరి ఉక్కు రేకును గుండ్రంగా వంచి, అంచులు కలిసిన చోట ముందు లోపలి నుంచి, తర్వాత బయటి నుంచి వెల్డింగ్ చేస్తారు. బయటి వెల్డింగ్ మా బావది, అంటే అక్క భర్తది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ అతుకు గట్టిదో కాదో తేల్చేది ల్యాబ్‌లో అక్కా, నేనూ. బావ వేస్తాడు, నేను విరగ్గొడతాను, అక్క తొంగి చూస్తుంది. మా ఇంటిల్లిపాదికీ ఒకటే అతుకు మీద బతుకు.

నా పని సుత్తి. అతుకు దగ్గర వేలెడంత ముక్క కోయించి, మధ్యలో గాటు పెట్టించి, సున్నాకు ఇరవై డిగ్రీలు కిందకు దింపిన స్పిరిట్‌లో నానబెడతాను. పటకారుతో తీసి, ఐదు సెకన్లలో మిషన్‌లో కూర్చోబెట్టి, పైనుంచి ఊగే పెద్ద సుత్తిని వదిలేస్తాను. విరగడానికి ఆ ముక్క సుత్తి బలాన్ని ఎంత తినేసిందో డయల్ మీద ముల్లు చూపిస్తుంది. ఎక్కువ తింటే మొండి ఉక్కు, తక్కువ తింటే పెళుసు. మాకు కనీసం నలభై ఐదు రావాలి. నేను చెప్పబోయే సోమవారం దాకా, బావ అతుకు నూట ఇరవైకి తగ్గి నేనెప్పుడూ చూడలేదు. ల్యాబ్‌లో నన్ను సుత్తి అని పిలుస్తారు. మిషన్ వల్లనా, నా నోటి వల్లనా అని నేను అడగను, వాళ్ళు చెప్పరు.

అక్క పని అద్దం. ఉక్కు ముక్కను నల్లటి బిళ్ళలో బిగించి, గరుకు కాగితం నుంచి నున్నటి కాగితానికి, అక్కడినుంచి వెల్వెట్ గుడ్డకు మారుస్తూ, మన మొహం మనకు కనిపించేదాకా రుద్దుతుంది. తర్వాత ఆసిడ్‌లో ముంచి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి తీసి, మైక్రోస్కోపు కింద పెడుతుంది. అప్పుడు ఉక్కు లోపలి గింజలు బయటపడతాయి. ఆరు నెలల టెంపరరీ పోస్టని చేరిన మొదటి రోజు, అప్పటి పాలిషింగ్ పెద్దాయన ఆవిడ ముక్కను పదకొండుసార్లు వెనక్కి ఇచ్చాడట. "గీత మిగిలితే నిజం కనబడదమ్మా" అన్నాడట. ఆ మాట పట్టుకుని ఆవిడ ఇంట్లో స్టీలు గ్లాసుల్ని కూడా వదిలిపెట్టదు. ఫ్యాక్టరీ మొత్తానికి ఆవిడ అద్దాలక్క.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్ళు ఒకచోట నిలవవు.

గొడవ మొదలవడానికి మూడు వారాల ముందు, మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. బావ ఫోన్ తీసి, ఆ పొద్దున వేసిన అతుకు ఫొటో చూపించాడు. చూపించేటప్పుడు ఆయన మొహం చూడాలి, కొడుకు మార్కుల కాగితం చూపిస్తున్నట్టుంది. అక్క కళ్ళజోడు పెట్టుకుని, ఫొటో పెద్దది చేసి, తీరిగ్గా చూసింది.

"ఏంటండీ ఇది, దువ్వెన పెట్టి గీకినట్టుంది?" అంది. "నా చేతికిస్తే అద్దం చేద్దును."

"నీ బిళ్ళ రూపాయంత ఉంటుంది. నా అతుకు పన్నెండు మీటర్లు" అన్నాడు బావ.

"పొడుగుంటే సరిపోతుందా, నునుపుండొద్దూ?" అన్నాను నేను మధ్యలో దూరి.

అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు, కానీ డబ్బా సగంలోనే మూసేశాడు. ఆ మర్నాటి నుంచీ ఆయన అతుకులు మారిపోయాయి. వెన్న రాసినట్టు నున్నగా, వెడల్పుగా వచ్చేవి. పైపులు తనిఖీ చేసే ఆయన బావ భుజం తట్టాడు. నేను కూడా "బావా, అదరగొట్టేశావ్" అన్నాను. అక్క పైకి ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం బస్సులో తనలో తాను నవ్వుకోవడం నేను చూశాను.

తర్వాత వచ్చింది ఆ సోమవారం. మొదటి ముక్క పెట్టి సుత్తి వదిలాను. మామూలుగా 'దబ్' మని మందంగా మోగుతుంది. ఆ రోజు 'టింగ్' మంది. సగాలు రెండూ ఎగిరి మిషన్ చుట్టూ ఉన్న ఇనుప జాలీకి కొట్టుకున్నాయి. ముల్లు చూస్తే ఇరవై మూడు. నాదే ఏదో పొరపాటనుకుని రెండోది పెట్టాను. పందొమ్మిది. మూడోది ఎనభై ఎనిమిది. ఒకే పైపు, ఒకే అతుకు, గాటు పెట్టింది కూడా ఒకే వరసలో, అతుకు ఆగి రేకు మొదలయ్యే గీత దగ్గర. ఇంకో రెండు పైపుల ముక్కలు తెప్పిస్తే వాటిదీ అదే వరస. మా ల్యాబ్ సారుకు కబురు పెట్టాను.

ఆయన వచ్చి ముందుగా అన్న మాట, "నీ సుత్తి సరిగ్గా ఉందా?"

నా సుత్తిని అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన ముందే, సుత్తిని సరిచూసుకునే స్టాండర్డ్ ముక్కలు తీసి వరసగా విరగ్గొట్టాను. ముల్లు ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడే ఆగింది. అతుకు లేని వట్టి రేకు ముక్క పెడితే రెండు వందల పది. అక్క అతుకు మధ్య భాగం ఫొటో తీసి ఇచ్చింది. ఫారంలో రాసి ఉన్నది అదే, అతుకు నడిమధ్య. అక్కడ ఉక్కు లక్షణంగా ఉంది. మంచి అతుకులో సన్నటి పుల్లల్లాంటివి పిచ్చుక గూట్లో లాగా ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. పగులు అటు పోదామంటే ఒక పుల్ల అడ్డం, ఇటు పోదామంటే ఇంకో పుల్ల. అందుకే మొండిగా నిలబడుతుంది.

"రేకు బాగుంది, సుత్తి బాగుంది, ఫొటో బాగుంది" అన్నారు సారు. "ఇక మిగిలింది మనిషి. బయటి వెల్డింగ్ ఆయన్ని మిషన్ నుంచి దించి, సర్టిఫికెట్ రద్దుకి రాస్తాను. గురువారం పైపులు కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టర్ వస్తోంది. ఏదో ఒకటి చూపించాలి కదా."

సర్టిఫికెట్ పోవడమంటే బావ ఇక వెల్డింగ్ మిషన్ ముట్టుకోకూడదు. యార్డులో పైపులకు కొక్కేలు తగిలించుకోవాలి. ఇరవై రెండేళ్ళ చెయ్యి కొక్కేలకు పోతుంది. అక్క ఊరుకోలేదు.

"కారణం తెలియకుండా మనిషిని తీసేస్తే రేపు ఆ మిషన్ మీద ఇంకొకాయన కూర్చుంటాడు సార్" అంది. "ఆయనకేం చెప్తారు? ఏం చెయ్యొద్దని చెప్తారు?"

సారు గోడ మీది క్యాలెండర్ వంక చూశారు.

"గురువారం దాకా నాకు టైమివ్వండి. ఎక్కడ పుట్టిందో చూపిస్తాను" అంది అక్క.

మంగళవారమంతా కొత్తగా తొమ్మిది ముక్కలు కోయించి రుద్దింది. తొమ్మిదింటికీ నడిమధ్యే చూసింది, పందొమ్మిదేళ్ళ అలవాటు. తొమ్మిదీ లక్షణంగానే ఉన్నాయి. సాయంత్రానికి ఆవిడ వేళ్ళ చివర్లు ఎర్రగా కందిపోయాయి. మావారిని ఊరికే అనుమానిస్తున్నారు, రేకులోనే ఏదో ఉంది, అని నాతో నాలుగుసార్లు అంది. నేను ఐదోసారి అన్నాను. చేతులు కడుక్కుంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏమే, విరగ్గొట్టిన ముక్కలు ఏం చేశావ్?"

"బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ఎందుకూ?"

"విరిగింది అక్కడైతే, నేను విరగని చోట వెతుకుతున్నానేంటే?"

నిజమే కదా. ఎక్కడ పగిలిందో అది నా డబ్బాలో పడి ఉంది, ఆవిడేమో ఎక్కడ పగల్లేదో దాన్ని అద్దం చేస్తోంది. మా ల్యాబ్‌లో ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టలేదు. విరిగిన ముక్క అంటే మాకు అయిపోయిన ముక్క.

డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాను. జతలు జతలుగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, అన్నిటికంటే పెళుసుగా విరిగిన పందొమ్మిది తప్ప. అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం సారు మీద వచ్చిన కోపంలో, ఆయన టేబుల్ ఊగుతోందని అన్నందుకు, ఆ రెండు సగాల్నీ దాని రెండు కాళ్ళ కింద తోసేశాను.

బుధవారం పొద్దున్నే సారు కుర్చీలో ఉండగానే నేను టేబుల్ కిందకు దూరాను.

"ఏం చేస్తున్నావ్ అక్కడ?"

"కాళ్ళు కొంచెం ఎత్తండి సార్, సాక్ష్యం మీ కింద ఉంది."

సాక్ష్యం తీసుకుని పరిగెత్తాను. వెనకాల టేబుల్ మళ్ళీ ఊగింది, ఆయన టీ ఫైలు మీద పడింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అక్క ఆ సగాన్ని భూతద్దం కింద తిప్పి తిప్పి చూసింది. మంచి ముక్క విరిగిన చోట చింపిన గుడ్డలా పీచుపీచుగా, బూడిదరంగులో ఉంటుంది. ఇది చక్కెర పలుకుల్లా తళతళలాడుతోంది. ఆ తళుకులో సన్నటి గీతలు, పిల్ల కాలవలు పోయి ఏటిలో కలిసినట్టు. అక్క వాటిని వెనక్కి వెనక్కి పట్టుకుని పోయి, అన్నీ బయలుదేరిన ఒక్క చోట సూదితో చుక్క పెట్టింది.

"ఇక్కడ మొదలైంది" అంది.

ఆ చుక్క మీదుగా అడ్డంగా కోసి, బిళ్ళలో బిగించి, రుద్దడం మొదలుపెట్టింది. ఈసారి అంచు ఏమాత్రం అరిగి గుండ్రమైనా, చూడాల్సింది చేజారిపోతుంది. ఒక్కో కాగితం మీద పదిసార్లు తిప్పి, కడిగి, చూసి, మళ్ళీ. నేను భుజం మీద నుంచి వంగి చూస్తుంటే, "ఊపిరి వదిలితే అవతలికి పోయి వదులు" అంది. మామూలు ఆసిడ్ వాడలేదు. రెండు సీసాల మందులు అప్పటికప్పుడు కలిపి అందులో ముంచింది. ఆ మందులో ఉక్కంతా గోధుమరంగుకు తిరుగుతుంది, మరీ గట్టిగా పెళుసుగా ఉన్న చుక్కలు మాత్రం తెల్లగా మిగిలిపోతాయట. ఆవిడ పెదవులు లెక్కపెడుతున్నాయి. నేనూ లెక్కపెట్టాను, పన్నెండు దగ్గర తప్పాను.

మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి, చక్రం తిప్పింది. తిప్పి ఆగిపోయింది.

"ఏమైందే? చెప్పవే" అన్నాను.

"నువ్వే చూడు."

చూశాను. అమ్మబాబోయ్, అవేం గింజలు. అంతకుముందు ఆవిడ చూపించినవన్నీ ఆవగింజల్లా ఉంటే, ఇవి కందిగింజల్లా ఉన్నాయి. ఒక్కోదాని అంచు చుట్టూ తెల్ల చుక్కలు, పూసలు గుచ్చినట్టు. పగులు సరిగ్గా ఒక తెల్ల చుక్క దగ్గర పుట్టి, పక్క గింజను అడ్డంగా చీల్చుకుంటూ పోయింది. దారిలో ఆపడానికి ఒక్క పుల్ల కూడా లేదు. అక్క చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

"దొరికిందే అక్కా, దొరికిపోయింది. సారు మొహం ఇప్పుడు చూడాలి."

అక్క చెయ్యి విడిపించుకుని కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అతుకు పక్కన ఉన్న రేకు కరగదు గానీ బాగా కాలుతుంది. ఎంత కాలితే గింజలు అంత లావెక్కుతాయి. లోపలి వెల్డింగ్ ఒకసారి కాల్చిన ఆ చోటును బయటి వెల్డింగ్ ఇంకోసారి సగం సగం కాలుస్తుంది. ఆ సగం వేడికి లావు గింజల అంచుల్లో ఈ గట్టి చుక్కలు మిగిలిపోతాయి. రెండు వేడులూ కలిసే చోటు అతి చిన్నది. నా గాటు దాని మీద పడితే పందొమ్మిది, తప్పితే ఎనభై ఎనిమిది.

"ఎప్పుడూ ఉండే చోటే కదా, మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?" అన్నాను.

జవాబుగా అక్క సొరుగు లాగింది. పాత బిళ్ళలన్నీ తేదీలు వేసి దాచుకుంటుంది. ఆరు నెలల కిందటిది తీసి, అదే చోట చూసింది. గింజలు చిన్నవి, చుక్కలు ఎక్కడో ఒకటీ అరా. తర్వాత రెండు బిళ్ళల్నీ పక్కపక్కన పెట్టి, స్కేలుతో బయటి అతుకు వెడల్పు కొలిచింది. కొత్తది మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. స్కేలు తుడిచి మళ్ళీ కొలిచింది, అంతే వచ్చింది.

"రేకు కాదే" అంది చివరికి. "వేడి ఎక్కువైంది. కరెంటు మారలేదు, తీగ మారలేదు. అతుకు మీద నడిచే వెల్డింగ్ బండిని నెమ్మదిగా నడిపారు. నెమ్మదిగా పోతే అతుకు నున్నగా వస్తుంది."

నా సంబరమంతా నీరుగారిపోయింది. దువ్వెన పెట్టి గీకినట్టుందన్న మాట, ఆ నవ్వులు, సగం డబ్బా, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. బావను కాపాడదామని తవ్విన చోట బావే దొరికాడు. అసలు ఆయన్ని ఎగదోసింది మేమిద్దరమే.

నేను మంచిదాన్నని ఎప్పుడూ అనలేదు. వెంటనే, "ఆ బిళ్ళ ఇలా ఇయ్యి, మళ్ళీ రుద్దేద్దాం. రేకులోనే దోషమని చెప్పేద్దాం" అన్నాను.

అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "ఆ పైపులు నేలలోకి పోతాయే" అంది. "పైన మనుషులు నడుస్తారు. పిల్లలు ఆడుకుంటారు." అంతే. తర్వాత ఫోన్ తీసి బావను ల్యాబ్‌కు రమ్మంది.

బావ చేతి తొడుగులు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ మైక్రోస్కోపులో ఒక్కసారి కూడా చూడలేదు. అక్క స్టూలు ఎత్తు సరిచేసి కూర్చోబెట్టింది. ముందు పాత బిళ్ళ చూపించింది, తర్వాత కొత్తది.

"ఈ తెల్లవేంటి?" అన్నాడు.

అక్క చెప్పింది. నాకు చెప్పినంత నిదానంగానే చెప్పింది. ఆయన కళ్ళు తీయకుండా విన్నాడు.

"అయితే ఇది నేనేనా?"

"మీరే. బండి ఎంత తగ్గించారు?"

"నిమిషానికి పాతిక సెంటీమీటర్లు. షిఫ్ట్ మొదట్లో తనిఖీవాళ్ళు వేగం రీడింగ్ రాసుకుని పోయాక తగ్గించేవాణ్ణి. నెమ్మదిగా చేస్తే తప్పేంటనుకున్నా." మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, "నువ్వే గరుగ్గా ఉందన్నావ్" అన్నాడు.

"అన్నాను" అంది అక్క. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ మాట కూడా సారుకు చెప్తాను."

"అది చెప్పకు. నవ్వుతారు" అన్నాడు బావ లేస్తూ. "పద."

ఇద్దరూ కలిసే సారు గదిలోకి వెళ్ళారు. నేను తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నాను, బండి వేగం సంగతి ఏమీ దాచుకోకుండా చెప్పేశారు. మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పొట్టిగా, పొడిపొడి మాటలతో, నవ్వు మొహమన్నది లేని మనిషి. గంటసేపు ఆ బిళ్ళ మీద నుంచి కదల్లేదు. ఆ మూడు వారాల పైపులన్నీ పక్కన పెట్టమంది. ఇకమీదట ప్రతి ముక్కకూ ఆ రెండు వేడులు కలిసే చోట ఫొటో తీయాలని ఫారం మార్పించింది. ఇక బావ సంగతి. పాత వేగంతో ఒక పరీక్ష అతుకు వెయ్యాలి, మూడు ముక్కలూ ఆ చోటే గాటు పెట్టి నా సుత్తికివ్వాలి. ఒక్కటి నలభై ఐదుకు తగ్గినా సర్టిఫికెట్ రద్దు.

"చెప్పకుండా దాచి ఉంటే ఈ పరీక్ష అవకాశం కూడా ఇచ్చేదాన్ని కాదు" అంది వెళ్తూ వెళ్తూ.

ఆ పై సోమవారం బావ అతుకు వేశాడు. ఇన్‌స్పెక్టర్ పక్కనే నిలబడి వేగం చూస్తోంది. వెల్డింగ్ చేసేటప్పుడు పైన కప్పే పొడి తీసేశాక చూస్తే అదే పాత అతుకు, గరుగ్గా, దువ్వెన గీతలతో. బావ దానివంక చూసి మొహం తిప్పుకున్నాడు. అక్క దాన్ని వేళ్ళతో ఆ చివర నుంచి ఈ చివరకు తడిమింది. "ఇదే కావాలి" అంది.

సుత్తి గదికి అక్క ఎప్పుడూ రాదు, ఆ చప్పుడంటే ఆవిడకు గుండెదడ. ఆ రోజు వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. పక్కన బావ. సారు, ఇన్‌స్పెక్టర్ డయల్ దగ్గర. స్పిరిట్‌లోంచి పటకారుతో మొదటిది తీశాను. సుత్తి వదిలాను. 'దబ్.' నూట పన్నెండు. రెండోది నూట ముప్పై ఒకటి. బావ తొడుగుల్ని నలిపి నలిపి తాడు చేసేశాడు.

మూడోది పెట్టి వదిలాను. 'దబ్' మంది. ముక్కలు మాత్రం ఎగరలేదు. జాలీలోకి తొంగి చూస్తే ఒకే ముక్క పడి ఉంది, గాటు దగ్గర కొంచెం చిరిగి, మోకాల్లా వంగి, రెండు సగాలూ ఒకదాన్నొకటి వదలకుండా. ముల్లు నూట డెబ్బై దాటి నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద సంతకం పెట్టి బావ చేతికిచ్చింది. నేను ఉన్నపళాన కేక పెట్టి బావను కౌగిలించుకోబోయి, సారు ఉన్నారని గుర్తొచ్చి బావ చేతిలో ఉన్న తొడుగులు లాక్కుని గాల్లోకి విసిరాను. ఒకటి సారు నెత్తిన పడింది. ఆయన కూడా నవ్వారు.

అక్క మాత్రం గోడ వదిలి నా దగ్గరకొచ్చి చెయ్యి చాచింది.

"ఆ మూడోది నాకివ్వవే."

"విరగలేదు కదే, అందులో ఇంకేం చూస్తావ్?"

"చూడను" అంది. "దాచుకుంటాను."

ఇంకా చల్లగానే ఉన్న ఆ ముక్కను ముద్రల్లేని వేళ్ళతో పట్టుకుని, గుప్పిట మూసుకుంది.